ఉప్పునీళ్ల జామ

సముద్రం మా లంకలోకి వచ్చాక బావినీళ్లు ఎంత ఉప్పగా మారాయంటే, మా గేదె ఉప్పు కలిపిన మజ్జిగే ఇస్తుంది. నమ్మకపోతే రండి, గ్లాసుడు పోస్తాను.

ఆ నీళ్లతోనే తోటలు పెంచుతున్నాం. ప్రతి చెట్టుకీ ఫోనులో ఒక నీడచెట్టు, అంటే అచ్చం దానిలాగే పెరిగే లెక్కల బొమ్మ, ఉంటుంది. మనం పొయ్యబోయే నీళ్లు ముందు అది తాగుతుంది. అది వాడిపోతే ఉప్పు తగ్గిస్తాం, చిగురిస్తే అసలు చెట్టుకు పోస్తాం. మా ఆవిడ వరాలు పొద్దున్నే నాకంటే ముందు దాన్నే పలకరిస్తుంది.

మా అక్క చిట్టెమ్మకు ఇదంతా గిట్టదు. ఉప్పునేలలో ఇక కాయ కాయదని పక్క లంకలో తన తోటను బేరానికి పెట్టింది. వరాలు ఊరుకోలేదు. మా జామ తొలికాపుకు ఆమెను పిలిచింది.

"ఒక్క కాయ తిని, అప్పుడు అమ్ముకోండి వదినా."

"ఉప్పునీళ్ల కాయ ఉప్పగా కాక పాయసంలా ఉంటదేంటే?" అంటూనే అక్క వచ్చింది.

కాయ తియ్యగా ఉంటుందని నీడచెట్టు చెప్పింది గానీ, మా అక్క నాలుక ఎవరి మాటా వినదు. కొరికింది, నమిలింది. మొహంలో ఏమీ కనిపించలేదు. వరాలు భయంతో నా చెయ్యి గిల్లేస్తోంది.

"ఏరా తమ్ముడూ," అంది అక్క చివరికి, "ఇంటికొచ్చినోళ్లకి జామకాయ ఉత్తినే పెడతారేంట్రా? కాస్త ఉప్పూ కారం తెమ్మను. నా తోట కొంటానన్న ఆ బేరగాణ్ణి ఇక రావద్దని చెప్పు."

ఉప్పు కోసం వరాలంత సంబరంగా పరుగెత్తిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.