ఐర్లండు జోస్యం

ఆ ఉదయం డెక్లన్ తన గదిలోంచి బయటికి వచ్చి, అనంతలక్ష్మి బల్ల దాటుకుని, కొత్తగా చేరిన అజ్రా దగ్గర ఆగాడు.

"మా దేశంలో ఎన్నికలు ప్రకటించారు. ఎవరు గెలుస్తారంటావు?"

అనంతలక్ష్మి వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి.

దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లో ఐర్లండు వెన్న, చీజ్ దిగుమతి చేసే ఆ కంపెనీకి ఐర్లండువాడైన డెక్లన్ మేనేజరు. లెక్కలన్నీ చూసేది అనంతలక్ష్మి. 2024 జూన్‌లో వచ్చిన ఆంధ్రా ఎన్నికల ఫలితాలు ఆమె ముందే చెప్పింది. చెప్పినట్టే అయ్యాయి. అప్పటినుంచి డెక్లన్ వచ్చినవాళ్ళందరికీ ఆమెను 'మా ఆఫీసు జ్యోతిష్కురాలు' అని పరిచయం చేసేవాడు.

ఇవాళ ఆ జ్యోతిష్కురాలు అతని కంటికి ఆనలేదు.

అజ్రాది గుంటూరు. యాభై దాటిన మనిషి. ఐర్లండులోని కార్క్ నగరంలో చాలా ఏళ్ళు ఉండి వచ్చిందట. కొన్నాళ్ళు లెక్కల్లో సాయం చేస్తుందని చెప్పి డెక్లన్ ఆమెను తెచ్చి కూర్చోబెట్టాడు.

"నేనేమన్నా సాయం అడిగానా?" అంది అనంతలక్ష్మి సాయంత్రం ఇంటికి రాగానే.

భర్త రాధాకృష్ణ ఉద్యోగం పోయి ఇంట్లోనే ఉంటున్నాడు. అతని వీసా కూడా ఇప్పుడు ఆమె ఉద్యోగం మీదే నడుస్తోంది.

"కొన్నాళ్ళే కదా, ఓర్చుకో" అన్నాడు.

"కంట్లో నలుసు పడితే ఓర్చుకుంటారేంటండీ?"

మర్నాటినుంచి అదే వరస. భోజనాలవగానే డెక్లన్ అజ్రాను గదిలోకి పిలిచేవాడు. తలుపు మూసుకునేది. తెరుచుకున్నప్పుడు మాత్రం ఐర్లండు పార్టీల పేర్లు, నవ్వులు వినబడేవి. తను ఇన్నేళ్ళు పనిచేసినా ఆ తలుపు ఒక్కసారి కూడా తనకోసం మూసుకోలేదు.

అనంతలక్ష్మికి పంతం వచ్చింది. ఐర్లండు పత్రికలన్నీ ఫోన్లో చదివింది. అక్కడి ఓటు మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలాంటిదేనని, అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస ఇవ్వాలని తెలుసుకుంది. సర్వేల్లో ఫినా గేల్ అనే పార్టీ ముందుంది, ఫియనా ఫాల్ అనే పార్టీ దాని వెనకే ఉంది.

టీ వేళ అందరి ముందూ చెప్పింది. "ఫినా గేల్‌దే మొదటి స్థానం. చూస్తుండండి."

సేల్స్‌లో పనిచేసే షావలి అజ్రా వైపు తిరిగాడు.

"మీరేమంటారక్కా?"

"ఫియనా ఫాల్ ముందుకొస్తుందేమోనయ్యా. మెజారిటీ మాత్రం ఎవరికీ రాదు."

"యల్లా, పదండి, నేను అక్క వైపు" అన్నాడు షావలి.

మిగతావాళ్ళూ అటే మొగ్గారు. అనంతలక్ష్మికి ఒళ్ళు మండింది.

"ఓటు కూడా వెయ్యలేని వాళ్ళకి ఎందుకండీ అంత ఉబలాటం?"

అజ్రా కప్పు కింద పెట్టింది.

"నిజమేనమ్మా. అక్కడ ఓటుంది కానీ, అక్కడుంటేనే వెయ్యనిస్తారు. అందుకే ఇలా మాటలతో సరిపెట్టుకుంటున్నా." మెల్లగా అడిగింది. "మీవారికి ఎక్కడైనా కుదిరిందా?"

పుండు మీద కారం చల్లినట్టయింది. మా ఇంటి సంగతి ఈవిడ చెవిన ఎవరేశారు?

ఆ మధ్యాహ్నమే అనంతలక్ష్మి ఐర్లండులోని హెడ్డాఫీసుకు మెయిల్ పెట్టింది. అజ్రా పని మానేసి ఎన్నికల కబుర్లతో పొద్దుపుచ్చుతోందని, మేనేజరు సమయం కూడా పాడు చేస్తోందని రాసింది. పంపాక కాస్త భయమేసింది. లోపలెక్కడో హాయిగా కూడా ఉంది.

జవాబు రాలేదు. కానీ ఐర్లండులో పోలింగుకు ముందురోజు అజ్రా తన బల్ల ఖాళీ చేసింది.

"వెళ్ళొస్తానమ్మా" అంది దగ్గరికొచ్చి. "సరుకు లెక్కలు మీరు రాసే పద్ధతి బాగుంది. ఎవరేం చెప్పినా మార్చకండి."

"మంచిదండి" అంది అనంతలక్ష్మి, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

అజ్రా వెళ్ళాక షావలి నిట్టూర్చాడు. "ఖలాస్. మంచి మనిషి పోయింది."

"ఎవరి పని వాళ్ళు చూసుకుందాం షావలీ."

ఇంటికి వెళ్తూ మిఠాయి కొనుక్కెళ్ళింది. ఏంటి విశేషమని రాధాకృష్ణ అడిగితే, "ఊరికే" అంది.

యూఏఈ జాతీయ దినోత్సవం సెలవుల్లో ఫలితాలు తేలాయి. ఫియనా ఫాల్ ముందు నిలిచింది. మెజారిటీ ఎవరికీ రాలేదు. అనంతలక్ష్మి ఫోను బోర్లా పడేసింది. వెళ్ళిపోయి కూడా ఆవిడే గెలిచింది.

సెలవులయ్యాక డెక్లన్ ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"కూర్చోండి. మిమ్మల్ని కొనసాగించడానికి హెడ్డాఫీసు ఒప్పుకుంది."

"ఒప్పుకోవడమేంటి సర్? తీసెయ్యాలనుకున్నారా?"

"ఏడాది చివరికి తీసెయ్యాలని ఎప్పుడో తేల్చేశారు. మీకు చెప్పొద్దని నా నోరు కట్టేశారు. రోజూ ఈ తలుపు వేసుకుని అజ్రా హెడ్డాఫీసువాళ్ళతో ఫోన్లో వాదించేది, మీరే ఉండాలని. వాదించి అలిసిపోతే కాసేపు ఎన్నికల కబుర్లు చెప్పుకునేవాళ్ళం."

అనంతలక్ష్మి మూసిన తలుపు వైపు చూసింది.

"మీ మెయిల్ కూడా వాళ్ళు ఆమెకే పంపారు. చదివి నవ్వేసింది. 'ప్రాణం పెట్టి పనిచేసేవాళ్ళకి ఆ మాత్రం కోపం రాదా' అంది."

అనంతలక్ష్మి తలవంచుకుని అడిగింది.

"నాలుగు రోజులు సాయానికొచ్చిన ఆవిడ మాట హెడ్డాఫీసు ఎందుకు విన్నది సర్?"

"వినక ఏం చేస్తారు?" అన్నాడు డెక్లన్. "మీ ఉద్యోగంలో చేరమని వాళ్ళు కార్క్ నుంచి ఏరికోరి పంపిన మనిషి ఆమే. నాకొద్దని వెళ్ళిపోయింది."