కొత్త దువ్వెన

"ఈ గీత పాదరసం, అన్నా," అంది మస్కట్ ల్యాబులో పనిచేసే మెర్లిన్, కంప్యూటర్ తెర మీద నిటారుగా లేచిన గీతను చూపిస్తూ. "మీరిచ్చిన వెంట్రుకలకు బయటిదేశం రియాక్టర్లో న్యూట్రాన్లు తగిలించి తెప్పించాం. ఇప్పుడు వాటిలోంచి వచ్చే గామా కిరణాలే లోపల ఏముందో చెబుతాయి. చాలా ఉంది."

పోశెట్టి కళ్ళు తుడుచుకున్నాడు. "నేననుకున్నదే మేడమ్. రుసైల్ కంపెనీల పాదరసముండే పాత ట్యూబులైట్లు పలగ్గొట్టుడే నాది, నా దోస్తు రాజలింగుది డ్యూటీ. వాడు పోతే కంపెనీ గుండెపోటన్నది."

"అంతకుముందు బాగానే ఉన్నాడా?"

"మంచిగనే ఉండె. సెలవుల పోయి, వేములవాడల గుండు చేయించుకొని మస్కట్ మర్లచ్చిండు. ఎంటికలు మొలిచినంక దువ్వుకుంటనని అక్కడ్నే కొత్త దువ్వెన గూడ కొన్నడు. అచ్చిన వారానికే పానం పాయె."

మెర్లిన్ పోశెట్టి తెచ్చిచ్చిన వెంట్రుకల పొట్లం విప్పి చూసింది. మిగిలిన వెంట్రుకలు వేలెడు పొడుగున్నాయి.

"ఇవి ఎక్కడివన్నా?"

"వానియే మేడమ్. ఆ దువ్వెనలకెళ్ళి తీసిన."

"దాంతో ఇప్పుడెవరు దువ్వుకుంటున్నారు?"

"వాని యాదికి నేనే. దువ్వుకుంటుంటే వాడు నా ఎన్క నిలవడ్డట్టే ఉంటది."

మెర్లిన్ పొట్లంలోని వెంట్రుకల్నీ, అతని జుట్టునీ మార్చి మార్చి చూసింది. పోశెట్టి చెయ్యి మెల్లగా తన తల మీదికి పోయి, అక్కడే ఆగింది.

"మేడమ్," అన్నాడు తెర వైపు చూస్తూ, "అయితే గా గీత నాదేనా?"