చెట్ల సంకెళ్లు

వీరదుర్గకు లోకంలో ఒక్కటే భయం. కాలవ.

పాముకి భయపడదు. పొదల్లో తాచు కనిపించినా చీపురుతో అదిలించి పంపేస్తుంది. కాలవ పేరెత్తితే మాత్రం మొహం పాలిపోతుంది. పోయినేడు లాకుల దగ్గర తేలిన పక్కింటి పిల్లాణ్ణి ఆమె కళ్లారా చూసింది.

"మా బేబికి రెండేళ్లండి. నడక రావడంతోనే పరుగొచ్చేసింది. నీళ్లు చూస్తే ఆగదండి," అని వర్షిణికి ఎన్నోసార్లు చెప్పింది.

వీరదుర్గ యూనివర్సిటీలో తోటపని చేస్తుంది. వర్షిణి అక్కడే డిగ్రీ చదువుతోంది, గ్రీన్ క్లబ్బుకి లీడరు. తోటమనిషి పక్కన కూర్చుని కబుర్లాడే స్టూడెంటు ఆ పిల్ల ఒక్కతే.

ఆ రోజు గ్రీన్ క్యాంపస్ ర్యాంకు ఇచ్చే కమిటీ వస్తోంది. పొద్దున్నే కాలవకి నీళ్లు కూడా వదిలారు. క్యాంపస్ వెనకవైపు ప్రహరీ లేదు. కానుగచెట్ల వరస దాటితే గట్టే. నీళ్లు గట్టుని ఒరుసుకుంటూ పోతున్నాయి.

ముందు గేటు దగ్గర కుండీలకి నీళ్లు పోస్తూ వీరదుర్గ మాటిమాటికీ వెనక్కి తిరగడం వర్షిణి చూసింది.

"ఏంటక్కా అలా ఉన్నావ్? బేబి ఏది?"

వీరదుర్గ పక్కకి చూసింది. నాలుగడుగుల్లో సూపర్‌వైజర్ వెంకటరాజు కుర్చీలు వేయిస్తున్నాడు.

"మా అత్తకాడ ఉందండి. ఎక్కడికీ కదల్దు."

"మరింకేంటి నీ భయం?"

"కన్నాక భయం ఎక్కడికి పోద్దండీ?"

తర్వాత వీరదుర్గ వెంకటరాజు దగ్గరికి వెళ్లింది.

"రాజుగారూ, ఒక్కసారి వెనక్కెళ్లొచ్చేస్తానండి. ఊడ్చిన ఆకులు అక్కడే వదిలేశాను."

"కమిటీవాళ్లు వెనక్కెళ్లి నీ ఆకులు లెక్కెడతారేంటి? ఇవాళ ఈ గేటు వదిలి కదిలావంటే, రేపట్నించి దాని బయటే ఉంటావ్."

వీరదుర్గ మళ్లీ మగ్గు ముంచింది.

వర్షిణి తన గుంపుతో బయల్దేరింది. వాళ్ల కార్యక్రమం పేరు 'చెట్టుకు ఊపిరి'. జనం చెట్లని గుంజలనుకుంటారు. మేకులు కొడతారు, ఫ్లెక్సీలు కడతారు, కేబుల్ వైర్లు చుడతారు. కమిటీ వచ్చేలోగా ఏ చెట్టు ఒంటి మీదా ఏదీ మిగలకూడదని ఆ పిల్లల పట్టుదల.

లైబ్రరీ ముందు వేపచెట్టుకి కోచింగ్ సెంటర్ బోర్డు. పీకేశారు. క్యాంటీన్ దగ్గర బాదంచెట్టు నిండా మేకులు. శివరామకృష్ణ చెయ్యి కోసుకుని మరీ లాగాడు. ఒక్కొక్క చెట్టూ విడుదలవుతుంటే ఈలలు, చప్పట్లు.

చివరికి వెనక కానుగల దగ్గరికొచ్చారు. ఎండ మాడ్చేస్తోంది. ఒక కానుగ మొదలుకి పాత చీరపేలిక, ముడి మీద ముడి.

"ఇదెవర్రా బాబూ, చెట్టుకి ఉరేసినట్టు!" అంది సుప్రియ.

"బట్టలారేసుకోడానికి కట్టుంటారు. మన జనానికి బుద్ధెప్పుడొస్తుందో!" అంది వర్షిణి.

ముళ్లు రాలేదు. వర్షిణి కత్తెర పెట్టింది. పేలిక రెండో వైపు క్రోటన్ గుబురులోకి పోయింది. కొమ్మల్లో చిక్కుకున్నట్టుంది, లాగితే రాలేదు. సరేలెమ్మని చెట్టుకున్న మేర కత్తిరించి సంచిలో పడేసింది. కానుగ మీద చెయ్యేసి ఫొటో దిగింది.

"హాయిగా ఊపిరి పీల్చుకోవే తల్లీ," అంది.

మధ్యాహ్నం సభ. వేదిక మీద బల్ల వేసి మేకులు, వైర్లు, తాళ్లు, పేలికలు పరిచారు. 'చెట్ల సంకెళ్లు' అని అట్ట మీద రాసి పెట్టారు. కమిటీ పెద్ద విశ్వనాథ్ గారు ఒక్కొక్కటీ పట్టుకు చూశారు.

"మంచి పని చేశారమ్మా. కట్టేసినదాన్ని విప్పడం కంటే పుణ్యం ఏముంది?"

వర్షిణికి కళ్లు చెమర్చాయి. మైకు అందుకుంది.

"ఈ మంచిపేరు మాది కాదండి. ఈ చెట్లన్నిటికీ ఒక అమ్మ ఉంది. వీరదుర్గక్కా, పైకి రా!"

హాలంతా చప్పట్లు. వెంకటరాజు కూడా కొట్టాడు. వీరదుర్గ తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ, తల దించుకుని మెట్లెక్కింది. విశ్వనాథ్ గారు శాలువా కప్పారు. సిగ్గుతో పక్కకి తిరిగింది. చూపు బల్ల మీద పడింది.

పచ్చచీర పేలిక. పసుపు పూలు.

చెయ్యి చాచి తీసుకుంది. ముడి మీద ముడి అలాగే ఉంది.

"రెండు మాటలు చెప్పక్కా," అంటూ వర్షిణి నవ్వుతూ మైకు ఆమె నోటి దగ్గర పెట్టింది.

"ఈ గుడ్డ రెండో కొస మా బేబి నడుముకి కట్టానండీ, కాలవకాడ పిల్లుందో లేదో ఎవరన్నా పరిగెత్తి చూడండి బాబూ!"