ఒక్క మార్పు

"నేను వెళ్ళాక మాత్రలు ఉమ్మేస్తున్నావు కదూ మామా?"

"నోరు తెరిచి చూపించాను కదా బేటీ," అన్నాడు రంగస్వామి నీరసంగా.

నర్సు సర్లాది ఫిజీలోని నసీనులో అతనుండే వీధే. రోజూ సువా ఆసుపత్రిలో పని ముగించుకుని, బస్సు దిగి నేరుగా అతనింటికొచ్చి, దగ్గరుండి టీబీ మాత్రలు మింగిస్తోంది. నెలలు గడిచినా అతని తెమడలో క్రిమి పోలేదు. వాదించే ఓపిక ఆమెకి లేదు. ఈమధ్య బస్సు మెట్లెక్కినా ఆయాసమే. ఇలాంటివాళ్ళ వల్లే జబ్బు ఊరంతా పాకుతోందని ఇరుగుపొరుగు వినేలా అనేసి వెళ్ళిపోయింది.

వీధిలోని భజన మండలివాళ్ళు రంగస్వామిని ఇక రావద్దన్నారు. ఏళ్ళ తరబడి అతని పక్కన కూర్చుని పాడిన సర్లా కూడా అడ్డు చెప్పలేదు.

తెమడని ఆస్ట్రేలియా పంపిస్తే అసలు సంగతి తెలిసింది. అతను మాత్రలు మింగుతూనే ఉన్నాడు. క్రిమి జన్యువులే మారిపోయాయి. మందుకి లొంగకుండా ఊపిరితిత్తుల కణాల్లో దాక్కుని పెరుగుతోంది. డాక్టర్ సతేంద్ర అనుమానమొచ్చి సర్లాకీ పరీక్ష చేయించాడు. ఆమెలోనూ అదే జాతి క్రిమి.

విషయం తెలిసి రంగస్వామి ఆసుపత్రిలో ఉన్న సర్లా దగ్గరికొచ్చాడు. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"నా వల్లే కదా బేటీ నీకంటింది. మాఫ్ చెయ్యి."

కోపం తెచ్చుకునే శక్తి కూడా సర్లాకి లేదు. "పోనీలే మామా. కావాలని అంటించావా ఏంటి," అంది.

అతను కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. ఒక మనిషిని క్షమించినందుకు ఆమెకి ప్రాణం కాస్త తేలికపడింది.

సతేంద్ర తలుపు మూసి ఆమె ఎదుట కూర్చున్నాడు. మనిషి నుంచి మనిషికి పోయేటప్పుడు క్రిమిలో పాత మార్పులు అలాగే ఉంటాయనీ, కొత్తవి వాటి మీద చేరతాయనీ మెల్లగా చెప్పాడు. ఆమెలో ఉన్నది మందకొడి రకమట. కణాల్లో పడుకుని ఏళ్ళు గడిపేస్తుందట. రంగస్వామిలోది కణాల్ని చీల్చుకుని పక్క కణాల మీద పడే రకం. రెండింటికీ తేడా ఒక్క మార్పేనట.

"అయితే నాకంటాక మెత్తబడిందన్నమాట," అంది సర్లా.

సతేంద్ర ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు.

"కాదు సిస్టర్. మీలో ఉన్న మార్పులన్నీ అతనిలో ఉన్నాయి. ఆ ఒక్కటీ అతనిలో అదనం. మీ నుంచి అతనికి అంటాకే అది కరవడం నేర్చింది."