మోత లేని గది

హెడ్‌ఫోను బల్లమీదకు విసిరేసి ఆ అమ్మాయి భోరున ఏడ్చింది.

"బిడ్డకు ఊపిరాడటం లేదని అవతల తల్లి ఏడుస్తుంటే, 'వినపడటం లేదు, గట్టిగా చెప్పండి' అని మూడుసార్లు అడిగానక్కా! నేనూ ఒక మనిషినేనా?"

అంబులెన్సు కోసం జనం ఫోన్లు చేసే ఆఫీసు అది. పన్నెండు ఫోన్లు, పన్నెండు మంది ఆడపిల్లలు, వాళ్ల మీద ఒక సూపర్‌వైజరు. ఆమెను అందరూ అక్క అనేవారు.

గది కిటికీని ఆనుకునే జనరేటరు. కరెంటేమో రోజుకు ఐదారు గంటలు పోయేది. ఆ మోత మొదలైతే చెవులు చిల్లులు పడేవి. గదిలో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

ఆ ఏడు అప్పటికే నలుగురు మానేశారు. అందరిలోకీ ఓపికగా మాట్లాడే ఈ అమ్మాయి కూడా వెళ్లిపోతే గది మూసుకోవలసిందే.

"అమ్మా, ముందు ఆ పిల్లను ఇటు తిప్పి కూర్చోబెట్టండి. పొద్దస్తమానం గోడ మొహం చూస్తే ఎవరికైనా ఏడుపే వస్తుంది."

గుమ్మంలో ఒక పెద్దాయన. ఎవరని ఎవరూ అడగలేదు. ఆఫీసు పనులు చూసే కాంట్రాక్టరు పంపిన మనిషని అక్క అనుకుంది. అక్క పెదనాన్న అని కాంట్రాక్టరు అనుకున్నాడు. అలా ఆయన రెండేళ్లు సుబ్బరంగా నడిపించేశాడు.

మొదటి వారంలో బల్లలన్నీ వెలుతురు వైపు తిప్పించాడు. పాత సైకిలు ట్యూబు కోసి కుర్చీ కాళ్లకు తొడిగాడు. కీచుమనే చప్పుడు పోయింది.

తర్వాత వీధి వైపు సామాన్ల గది ఖాళీ చేయించి రెండు కుర్చీలు వేయించాడు. కిటికీ తప్ప అందులో ఇంకేమీ లేదు.

"ఇదెందుకు బాబాయ్?" అన్నారు పిల్లలు.

"కష్టమైన ఫోను వస్తుంది కదా. అది అయ్యాక పది నిమిషాలు ఇక్కడ కూర్చోండి. ఏడుపొస్తే ఏడవండి. ఎవరూ వచ్చి ఓదార్చకూడదు, అదే షరతు."

దానికి ఏడుపుగది అని పేరు పెట్టి పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ ఆఫీసులో అంత నవ్వు వినడం అక్కకు అదే మొదలు.

ఇక మిగిలింది జనరేటరు.

ఎడమ పక్క బడి. కుడి పక్క ఆసుపత్రి. వెనక ప్రహరీ అవతల ఒక ఇల్లుంది. అటు మార్చాలంటే ఆ ఇంటివాళ్లు ఒప్పుకుని సంతకం పెట్టాలి.

"పెట్టరు బాబాయిగారూ. ఈ మోత ఎవరు నెత్తిన పెట్టుకుంటారు?"

"కాగితం ఇలా ఇవ్వమ్మా, అడిగి చూస్తాను."

మర్నాటికల్లా సంతకంతో తెచ్చాడు. సంతకం ఉందా లేదా అని చూడటమే అక్కకు అలవాటు, ఎవరిదని కాదు. సీలు వేసి ఫైల్లో పెట్టేసింది.

జనరేటరు వెనక్కి పోయింది. ఫోన్లో అవతలివాళ్ల ఊపిరి కూడా వినపడసాగింది. ఆ తర్వాత ఒక్కరూ మానలేదు.

బాబాయికి పనేమీ మిగల్లేదు. అయినా వచ్చేవాడు. ఏడుపుగదిలో ఒక కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చునేవాడు.

"కరెంటు పోయిందంటే బాబాయి వచ్చినట్టే!" అని పిల్లలు ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఇంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బయటివాళ్లెవరూ లోపల కనపడకూడదు, కనపడితే సూపర్‌వైజరుదే బాధ్యత. అప్పుడుగానీ ఆయన ఎవరి మనిషీ కాదని తేలలేదు.

అక్క గేటు దగ్గరే ఆపింది.

"ఒక మూల కూర్చుంటానమ్మా. ఎవరితోనూ మాట్లాడను."

"నా ఉద్యోగం పోతుంది బాబాయిగారూ."

"అయ్యో, అంత పని వద్దు తల్లీ." వెనుదిరిగి వెళ్లిపోయాడు. మీ ఇల్లెక్కడ అని కూడా అక్క అడగలేదు.

పదకొండేళ్లు గడిచాయి. ఆఫీసు కొత్త భవనంలోకి మారుతోంది. మెత్తటి దీపాలు, మొక్కలు, చప్పుడు చొరబడని అద్దాలు. పనిచేసే చోటు హాయిగా ఉంటే మనసు తేలికపడుతుందని ఒక నిపుణుడు వచ్చి రెండు గంటలు చెప్పాడు. ఆనాడు హెడ్‌ఫోను విసిరేసిన అమ్మాయి ఇప్పుడు కొత్తవాళ్లకు పని నేర్పుతోంది. "ఇవన్నీ మన బాబాయి ట్యూబు ముక్కలతో చేశాడక్కా" అంది. ఇద్దరికీ కళ్లు చెమర్చాయి.

ఆఖరి రోజు అక్కకు ఎందుకో వెనకింటివాళ్లు గుర్తొచ్చారు. ఇన్నేళ్లలో పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారైనా దండం పెట్టి రావాలని సందు చుట్టూ తిరిగి వెళ్లింది.

తలుపు తీసినావిడ నవ్వింది. "సంతకం పెట్టింది మా నాన్నగారండీ. నిరుడు పోయారు. మాతో చెప్పకుండా పెట్టేశారని నేను నెల్లాళ్లు ఆయనతో మాట్లాడలేదు."

"అంత మోత ఎలా భరించారమ్మా?"

"'ఆ పిల్లలు రోజంతా జనం ఏడుపులు వింటున్నారే, మనం ఇది వినలేమా?' అనేవారు. అన్నారేగానీ ఆయనకే తల పగిలిపోయేది. కరెంటు పోగానే చెప్పులేసుకుని బయల్దేరేవారు. ఎక్కడో రెండు కుర్చీల గది ఉందట, అక్కడ ప్రాణానికి హాయిగా ఉంటుందట. కొన్నాళ్లకు ఎందుకో వెళ్లడం మానేశారు. చెవుల్లో దూది పెట్టుకుని మంచం మీదే పడుకునేవారు. ఎందుకని అడిగితే చెప్పేవారు కాదు."



తమ మోతనంతా తన ఇంటికి తెచ్చుకుని, కాస్త నిశ్శబ్దం కోసం తమ దగ్గరికే వచ్చిన ఈ ఇంటి యజమానినే తాను ఆ రోజు గేటు దగ్గర ఆపి రావద్దంది.