జాబితాలో మూడో పేరు

“జంగమ్మ అనేటామె ఈ గల్లీల ఎవ్వరు లేరు మేడమ్. చెప్పిన కద,” అన్నాడు కిరాణా కొట్టు వెంకటయ్య, కందిపప్పు తూకం వేస్తూ.

ప్రణవికి ఒళ్లు మండింది. పొద్దున వికారాబాద్‌లో బస్సెక్కి తాండూరులో దిగిన దగ్గర్నుంచీ ఈ మాట వినడం ఇది తొమ్మిదోసారి.

“బండల పాలిషింగ్ మిషన్ల ఎనక గల్లీ అని రాసున్నది అన్నా. గల్లీ ఇదే కద?”

“గల్లీ ఇదే. జంగమ్మనే లేదు.”

ప్రణవి ప్రజారోగ్యంలో పీజీ చేస్తోంది. టీబీ మందులు మధ్యలో ఆపేసినవాళ్లు ఎందుకు ఆపేశారో తెలుసుకుంటానని, మూడు నెలల ఫీల్డ్‌వర్క్ తాండూరులోనే చేస్తానని తనే పట్టుబట్టింది. గైడు అరుణాదేవి మేడమ్ ఒక మెలిక పెట్టింది. ముందు ముగ్గురు పేషెంట్ల ఒప్పుకోలు సంతకాలు తేవాలి, అదీ ఈ సాయంత్రం ఐదింటిలోగా. లేదంటే ఆ మూడు నెలలూ వికారాబాద్‌లో ఓ ఆఫీసు గదిలో కూర్చుని కంప్యూటర్లోకి అంకెలు ఎక్కించుకోవడమే.

రెండు సంతకాలు వచ్చాయి. జాబితాలో మూడో పేరు జంగమ్మ. ఆమె ఫోన్ పనిచేయడం లేదు. పైగా జబ్బు పేరు బయటపెట్టకూడదు. ఎవరడిగినా సర్వే అనాలి. సర్వే అన్న పాపానికి పొద్దున సగం గల్లీ రేషన్ కార్డులు పట్టుకుని ప్రణవి చుట్టూ మూగింది.

“అగో, మల్లేశ్వర్ వాళ్లమ్మ వస్తున్నది. ఆమెనడుగుండ్రి,” అన్నాడు వెంకటయ్య. “ఆమెకు తెల్వని ఇల్లు లేదు.”

చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాల చుట్టుకున్న నలభై అయిదేళ్ల మనిషి. కాళ్ల నిండా రాతిపొడి. అప్పుడే మిషన్ దగ్గర పని దిగి వస్తోంది.

“జంగమ్మనా?” ఆమె ప్రణవిని పైనుంచి కిందికి చూసింది. “రా బిడ్డా, సూద్దాం.”

చూడటమంటే ఇంత చూడాలని ప్రణవికి తెలియదు. మొదటి ఇంట్లో దేవిక వాళ్లమ్మను నిద్ర లేపారు. ఆమె పేరు బుగ్గమ్మ అని తేలింది. రెండో ఇంటికి తాళం. మూడో ఇంట్లో ఒకావిడ చెంబుతో నీళ్లిచ్చి, పావుగంట కన్నడలో మాట్లాడింది. ఈ గల్లీలో ఆడవాళ్లంతా ఫలానా వాళ్లమ్మ, లేకపోతే బషీరాబాద్ ఆమె. పేరు పెట్టి అడిగితే పక్కింటివాళ్లకే తెలియదు.

“ఏం సర్వే బిడ్డా?”

“ఆరోగ్యం సర్వే.”

“ఎన్ని దినాలు?”

“మూడు నెలలు.”

“గన్ని దినాలు ఏమడుగుతరు?”

ఎండ, ఆకలి, ఈ ప్రశ్నలు. ప్రణవికి ఓపిక నశించింది.

“ఆర్నెల్లు మందులు మింగమంటే రెండు నెలలకే బందు పెడ్తరు పెద్దమ్మా. ఎందుకు బందు పెట్టినరని అడుగుదామంటే మనిషే దొరకదు. మా కోసం తిరుగుతున్నమా మేము?”

అనేశాక నాలిక కరుచుకుంది. ఆమె మాత్రం ఏమీ పట్టనట్టు నాలుగడుగులు నడిచింది.

“గల్లీల నిలబడి, మందులొచ్చినయని పేరు పెట్టి పిలిస్తే ఎవలు మింగుతరు? తెల్లారి నల్ల కాడ బిందె పెట్టనియ్యరు. నిరుడు ఒకామెకు గట్లనే అయింది. అటెనుక ఆ ఇల్లే ఖాళీ చేసింది.”

“ఆమెనే జంగమ్మనా?”

“పేరెవలడుగుతరు బిడ్డా.”

“యాడికి పోయింది?”

ఆమె తువ్వాల విప్పి మొహం తుడుచుకుంది.

అయిపోయింది. ఊరే విడిచిపోయి ఉంటుంది. ప్రణవి ఉసూరుమంటూ ఫారం తీసింది. మనిషి దొరక్కపోతే ఇరుగుపొరుగులో ఒకరి చేత సాక్షి సంతకం పెట్టించుకోవాలి.

“పెద్దమ్మా, సంతకం వస్తదా?”

“పొదుపు సంఘంల నేర్చుకున్న. ముందుగాల ఇందుల ఏమున్నదో సదువు.”

ప్రణవి పళ్లు కొరుక్కుంటూ చదివింది. “పై గడి పేషెంటుది. ఇష్టపూర్తిగా చేరుతున్నానని. కింది గడి సాక్షిది. ఈ మనిషి ఇక్కడ లేదని. నువ్వు కింద పెట్టాలె.”

“ఆమె దొరికితే ఏం జేస్తరు?”

“మళ్ల మందులు షురూ చేపిస్తం.”

“గల్లీల ఎవరికి తెల్వకుంట?”

“తెల్వకుంట.”

“ఇంటికి ఎవలు రాకుంట, ఆమెనే దవాఖానకు పోయి తెచ్చుకోవచ్చునా?”

“తెచ్చుకోవచ్చు పెద్దమ్మా. నేనే దగ్గరుండి ఇప్పిస్త. జర జల్దీ కానియ్యి, ఆటో పోతది.”

ఫారం, పెన్ను ఆమె చేతిలో పెట్టి ప్రణవి ఆటోకు అడ్డం పరుగెత్తింది. ఆమె బండ మీద కూర్చుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాస్తోంది. డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఆమె తెచ్చి ఇచ్చిన ఫారాన్ని ప్రణవి చూడకుండానే మడిచి సంచిలో కుక్కి ఎక్కేసింది.

బస్టాండు చేరకముందే ఫోన్ మోగింది.

“ప్రణవీ, ఐదు కావస్తోంది. మూడోది ఏమైంది?” అంది అరుణాదేవి మేడమ్.

“దొరకలేదు మేడమ్. ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయిందట. సాక్షి సంతకం తెచ్చాను.”

“అయితే సోమవారం నుంచి వికారాబాద్ ఆఫీసులోనే. ఆ ఫారం ఫోటో తీసి పంపు.”

ప్రణవికి ఏడుపొచ్చింది. రోజంతా ఎండలో తిరిగింది ఆ అంకెలు ఎక్కించుకోవడానికా. ముక్కు ఎగబీలుస్తూ ఫారం మడత విప్పింది. సాక్షి గడి ఖాళీగా ఉంది. ఇంత చెప్పినా పెట్టలేదు, అంతసేపు రాసినట్టు నటించి తన చేతిలో పెట్టిందా అని మండిపడబోయింది.

పై గడిలో, వంకర టింకర అక్షరాలతో, జంగమ్మ అని ఉంది.