పోయిన అన్నగారి మేడ

"బాబోయ్, ఈయన మా అన్న కాదండీ!"

తమ్ముడు కోర్టులో నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు. నమ్మే నాథుడు లేడు.

నమ్మరు మరి. పదేళ్ల కిందట పడవ మునిగి అన్న పోయాడన్నారు. శవమైనా దొరక్కముందే చావు సర్టిఫికెట్టు పుట్టించి, అన్న మేడ తన పేర రాయించుకుని, కింద ఫోటో స్టూడియో తెరిచిన ఘనుడు ఈ తమ్ముడు. రెండేళ్ల కిందట అన్న బతికొచ్చి గుమ్మంలో నిలబడితే, "మా అన్నెప్పుడో పోయాడు" అని ముఖానే తలుపేశాడు. ఎందుకైనా మంచిదని అన్న ఫోటోలన్నీ, నెగెటివ్‌లతో సహా, పెరట్లో తగలబెట్టాడు కూడా.

ఇప్పుడు బోనులో నిలబడ్డ మనిషి చెబుతుంటే ఆడా మగా ముక్కులు చీదుతున్నారు. నాన్నగారి కెమెరా పగలగొట్టింది తమ్ముడట, బెల్టు దెబ్బలు తిన్నది తనట.

"చిన్నవాడు కదండీ, తట్టుకోలేడని..." అంటూ కళ్లొత్తుకున్నాడు.

"మా పెద్దాడేరా నాయనా!" అని మేనత్త గొల్లుమంది.

"అత్తయ్యకి చూపానదండీ! అయినా మా అన్నకి నలుగురిలో నోరు పెగలదు. ఈయన చూడండి, ఎలా దంచేస్తున్నాడో!"

"పదేళ్ల కష్టం రాయికైనా మాటలు నేర్పుతుంది," అన్నాడు జడ్జి. "సరే, మీ అన్న ఫోటో ఒక్కటి చూపించు."

"లేవండీ," అన్నాడు తమ్ముడు.

"ఊరందరికీ ఫోటోలు తీస్తావు. సొంత అన్నది ఒక్కటీ లేదా?"

కోర్టు ఘొల్లుమంది. కాల్చానంటే జైలు, లేవంటే మేడ పోవడం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"తోడబుట్టినవాణ్ణి బతికుండగానే చంపావు. సిగ్గుండాలి!"

అన్న బతికే ఉన్నాడనీ, మేడ అన్నదేననీ తీర్పయింది. తమ్ముడి జేబులోంచి తాళాల గుత్తి తీయించి అక్కడికక్కడే ఇప్పించారు.

తమ్ముడికి ఏడుపు తన్నుకొచ్చింది. ఆ గుత్తి వెంటే, కాళ్లీడ్చుకుంటూ, బయటికి నడిచాడు.

గేటు దగ్గర కాచుకునున్న బక్కపలచటి మనిషొకడు, "నేనే నేనని నమ్మించుకోలేక, నా కథంతా నీచేత బట్టీ పట్టించి పంపానయ్యా... ఏదీ, మా ఇంటి తాళాలు ఇలా ఇచ్చెయ్యి," అని నసుగుతూ చెయ్యి చాపితే, బోనులో అన్నగా నిలబడ్డ ఆ నాటకాలాయన గుత్తి జేబులో వేసుకుని, అతన్ని ఎగాదిగా చూసి, "ఇంతకీ తమరెవరండీ?" అన్నాడు.